పాఠం లక్ష్యం ఎలా రాయాలి? ప్రశ్న వేస్తే క్లాసంతా ఒకే గొంతుతో చెబుతుంటే ఏం చేయాలి?

కొత్తపట్నం సైన్స్ (ప్రశ్న)

నమస్తే అండి. ప్రకాశం జిల్లా తీరం వైపు జడ్పీ హైస్కూల్లో తొమ్మిదో తరగతికి ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. క్లాసులో 42 మంది, పీరియడ్ 45 నిమిషాలు. వచ్చే వారం బాష్పీభవనం చెప్పాలి. పాఠ్య పథకంలో "విద్యార్థి బాష్పీభవనాన్ని అవగాహన చేసుకుంటాడు, దానిని ప్రభావితం చేసే కారకాలను గ్రహిస్తాడు" అని రాస్తే, ఇది లక్ష్యం కాదు, మళ్ళీ రాయమన్నారు. ఎందుకు కాదో చెప్పలేదు.

రెండోది, ప్రశ్నల సంగతి. ఏది అడిగినా ముందు బెంచీలు ఒక్కసారిగా చెప్పేస్తాయి, వెనక వరుసల వాళ్ళు పెదాలు కదుపుతారు. స్లిప్ టెస్ట్ పెడితే సగం మందికి రాదు. రెండింటికీ ఈ పాఠం మీదే ఉదాహరణలతో ఎవరైనా చెప్పగలరా?

పెన్నా ఒడ్డు

మేడమ్, "అవగాహన చేసుకుంటాడు", "గ్రహిస్తాడు", "తెలుసుకుంటాడు" ఇవన్నీ పిల్లాడి తలలో జరిగేవి. జరిగిందో లేదో మీకు బయటికి కనపడదు. లక్ష్యంలో కనపడే పని ఉండాలి: వర్గీకరిస్తాడు, పోలుస్తాడు, కారణం రాస్తాడు, పటం గీసి భాగాలు గుర్తిస్తాడు. బీఈడీలో లక్ష్యం కింద రాయించే స్పష్టీకరణలు (లక్ష్యం నెరవేరిందని చూపే పనులు) ఇందుకే. లక్ష్యాలు రాయడం మీద అమెరికా మనస్తత్వవేత్త రాబర్ట్ మేగర్ 1962లో చెప్పిన మూడు భాగాలు ఇప్పటికీ పనికొస్తాయి: పిల్లాడు చేసే పని ఏమిటి, ఏ పరిస్థితిలో చేయాలి, ఎంతవరకు వస్తే వచ్చినట్టు.

మీ పాఠానికి ఇలా రాయొచ్చు: "క్లాసులో చెప్పని మూడు సందర్భాలు ఇస్తే, ఒక్కోదానిలో నీరు త్వరగా ఆవిరి కావడానికి కారణం ఉపరితల వైశాల్యమా, ఉష్ణోగ్రతా, గాలి వేగమా, గాలిలోని తేమా అన్నది గుర్తించి, కనీసం రెండింటికి ఒక వాక్యంలో కారణం రాయగలడు."

ఇందులో "క్లాసులో చెప్పని" అన్న మాట ముఖ్యం. మీది తీరం కాబట్టి ఉప్పు కొటార్ల (సముద్రపు నీటిని మడుల్లో ఆవిరి చేసి ఉప్పు తీసే చోటు) ఉదాహరణ మీరు పాఠంలోనే వివరించి, చివర్లో మళ్ళీ అదే అడిగితే అది జ్ఞాపకశక్తికి పరీక్ష అవుతుంది. పిల్లాడు మీ వాక్యాన్నే తిరిగి అప్పజెబుతాడు, మీరేమో వినియోగ స్థాయి (నేర్చినదాన్ని కొత్త సందర్భంలో వాడగలగడం) వచ్చిందని రాసుకుంటారు. అందుకే కొటారు ఉదాహరణను పాఠంలో వాడతారో, చివరి ప్రశ్నకు దాచుకుంటారో ముందే తేల్చుకోండి. నా సలహా దాచుకోమనే.

రాసే వరుస కూడా తిరగేయండి. ముందు చివరి ఐదు నిమిషాల్లో పిల్లలు కాగితం మీద ఏం రాయాలో ఆ ప్రశ్న రాయండి. దాన్నుంచి లక్ష్యం, లక్ష్యాన్నుంచి కృత్యం. చాలామంది కృత్యం దగ్గర మొదలుపెట్టి "విద్యార్థులు ప్రయోగం చేస్తారు" అని లక్ష్యం గడిలో నింపుతారు. ప్రయోగం దారి మాత్రమే, దాని చివర ఏం రావాలో ఆ గడిలో ఉండాలి. పీరియడ్‌కి ఒక లక్ష్యం, మరీ అయితే రెండు. నాలుగు కారకాలకూ నాలుగు లక్ష్యాలు పెడితే చివరి రెండూ గంట కొట్టాక మిగులుతాయి.

గుండ్లకమ్మ టీచర్

లక్ష్యం గురించి సార్ చెప్పారు కాబట్టి నేను ప్రశ్నల మీదే చెబుతాను.

ఒకే గొంతుతో జవాబు వచ్చేది మనం అడిగే తీరు వల్లే. "నీరు వేడెక్కితే ఆవి...?" అని సాగదీసి ఆపితే క్లాసంతా "...రవుతుందీ" అంటుంది. అక్కడ పిల్లలు పూర్తి చేసింది మన మాటను, వాళ్ళ ఆలోచనను కాదు. "అర్థమైందా?" "అయింది సార్" కూడా ఇంతే. ఈ రెండూ మానేస్తే సగం కోరస్ దానంతట అదే తగ్గుతుంది.

తర్వాత వరుస. ప్రశ్న ముందు, ఆగడం తర్వాత, పేరు చివర. "రమణా, గుడ్డ ఎందుకు ఆరింది?" అంటే రమణ పేరు వినగానే మిగతా 41 మంది సెలవు తీసుకుంటారు. ప్రశ్న అడిగి, మూడు నాలుగు సెకన్లు ఎవరినీ చూపించకుండా ఆగి, అప్పుడు పేరు పిలవండి. అమెరికాలో సైన్సు బోధన మీద పరిశోధించిన మేరీ బడ్ రో 1970ల్లో క్లాసులు పరిశీలిస్తే టీచర్లు ప్రశ్న వేశాక ఆగేది ఒక సెకను చుట్టూనే ఉంది. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, "తెలీదు" అనడం తగ్గింది. ఆవిడ చెప్పిన రెండో విరామాన్ని మనం దాదాపు మర్చిపోయాం: పిల్లాడు జవాబు చెప్పాక కూడా మూడు సెకన్లు ఆగాలి. వెంటనే "గుడ్" అంటే వాడు అక్కడితో ఆగిపోతాడు. ఆగితే "ఎందుకంటే..." అని తనే పొడిగిస్తాడు. మొదట్లో ఆ నిశ్శబ్దం చాలా పొడుగ్గా అనిపిస్తుంది. మనసులో నిదానంగా మూడు లెక్కపెట్టండి.

వెనక వరుసలకు ఒక పద్ధతి. రోల్ నంబర్లు చీటీల మీద రాసి ఖాళీ చాక్‌పీస్ డబ్బాలో వేయండి. తీసిన చీటీని మళ్ళీ డబ్బాలోనే వేయాలి. పక్కన పెట్టేస్తే, ఒకసారి చెప్పినవాడు ఇక తన వంతు అయిపోయిందని నిశ్చింతగా కూర్చుంటాడు. "తెలీదు" అంటే వదిలేయకండి, తిట్టకండి. ఇద్దరిని అడిగి, మళ్ళీ వాడి దగ్గరికే వచ్చి "ఆ ఇద్దరిలో ఎవరిది సరైంది, ఎందుకు?" అనండి.

పాఠం మధ్యలో, దాదాపు 20వ నిమిషంలో, అందరూ ఒకేసారి వేళ్ళు చూపించే ప్రశ్న ఒకటి పెట్టండి:

నీరు ఆవిరి కావాలంటే
1. 100 డిగ్రీలకు చేరాలి
2. ఎండ ఉండాలి
3. ఏ ఉష్ణోగ్రతలోనైనా పైపొర నుంచి ఆవిరవుతుంది

ఒక వేలు చూపించినవాడు మరగడాన్నీ బాష్పీభవనాన్నీ కలిపేస్తున్నాడు. రెండు వేళ్ళవాడికి నీడలో ఆరే గుడ్డ చూపించాలి. తప్పు ఎంపికలు ఊరికే నింపకండి, ఒక్కోటీ ఒక్కో పొరపాటును పట్టించేలా ఉండాలి. వేళ్ళు ఛాతీ దగ్గర పెట్టుకుని చూపించమనండి, పైకెత్తితే పక్కవాణ్ణి చూసి మార్చేస్తారు. క్లాసులో మూడోవంతు కంటే ఎక్కువమంది తప్పైతే ముందుకెళ్ళొద్దు, అక్కడే ఆగండి.

కావలి తెలుగు

ఒక మాట. కనపడే పనే లక్ష్యం అంటే సైన్సుకు సరిపోతుంది గానీ, పద్యం చెప్పేటప్పుడు ఇబ్బంది. పద్యం మీద ఇష్టం కలగడం 45 నిమిషాల్లో కొలిచేది కాదు. అలాగని దాన్ని కొట్టేయకూడదు. యూనిట్ పథకంలో ఉద్దేశంగా ఉంచి, పీరియడ్ పథకంలో "యతి స్థానాలు గుర్తించి, పాదాలు విడదీసి తప్పు లేకుండా చదవగలడు" అని రాసుకోవచ్చు. రెండింటినీ ఒకే గడిలో కుక్కితే ఏదీ జరగదు.

కొత్తపట్నం సైన్స్

అందరికీ ధన్యవాదాలు. కృత్యంగా రెండు తడి గుడ్డలు అనుకుంటున్నా, ఒకటి పరిచి, ఒకటి మడిచి. పరిచినదాన్ని వరండాలో, మడిచినదాన్ని క్లాసులో పెడతాను. చివరి ప్రశ్న "వానాకాలంలో కొటార్లలో ఉప్పు ఎందుకు తీయరు?" అని. జవాబు తేమ. సరిపోతుందా?

పెన్నా ఒడ్డు

రెండూ కొంచెం మార్చాలి మేడమ్.

గుడ్డలు రెండూ ఒకే చోట, ఒకే ఫ్యాను కింద ఉండాలి. ఒకటి వరండాలో పెడితే గాలి, వేడి కూడా మారతాయి, దేనివల్ల ఆరిందో పిల్లలు చెప్పలేరు. ఒకే పాత నూలు గుడ్డ నుంచి 20 సెంటీమీటర్ల చదరపు ముక్కలు రెండు కత్తిరించండి. సిరంజితో ఒక్కోదానికి 5 మి.లీ. నీళ్ళు. ఒకటి తాడు మీద పరచండి, రెండోది నాలుగు మడతలు పెట్టి అదే తాడుకు క్లిప్పు పెట్టండి. పొడిగాలి ఉన్న రోజు పీరియడ్ లోపలే తేడా చేతికి తెలుస్తుంది. ముసురు రోజైతే తెలియదు, అప్పుడు ఉదయం మొదటి పీరియడ్‌లో కట్టి, మధ్యాహ్నం చూపించండి.

ఇక ఆ ప్రశ్న. మన తీరంలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఉప్పు తీసేవాళ్ళ ఇంటి పిల్లాడు "వాన నీళ్ళు కలిసి మడిలో నీరు పల్చనైపోతుంది" అంటాడు. అది నూటికి నూరుపాళ్ళు సరైన జవాబు. మీరు తేమ అనుకుని దానికి సున్నా వేస్తే, ఇంటి దగ్గర కళ్ళతో చూసిందాన్ని బడిలో చెప్పకూడదని వాడు నేర్చుకుంటాడు. తేమే కావాలంటే వానను ప్రశ్నలోంచి తీసేయండి: "వాన లేదు, గాలీ ఎండా నిన్నటిలాగే ఉన్నాయి, కానీ విపరీతమైన ఉక్కపోత. మడిలో నీరు నిన్నటికంటే నిదానంగా ఎందుకు తగ్గింది?" ఇప్పుడు మిగిలిన కారణం ఒక్కటే.

వైశాల్యానికి: "సముద్రపు నీటిని లోతు గుంటలో నిలపకుండా వెడల్పు మడుల్లో పల్చగా ఎందుకు పారిస్తారు?" త్వరగా ముగించే పిల్లలకు లెక్క ఇవ్వండి. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి, కిలో లవణాలు మిగలాలంటే ఎన్ని లీటర్లు ఆవిరవ్వాలి? 28, 29 లీటర్ల మధ్య వస్తుంది. మిగిలేదంతా తినే ఉప్పు కాదని, వేరే లవణాలూ ఉంటాయని వాళ్ళతోనే చెప్పించండి.