సొంత మేనల్లుడి దగ్గర రెండు రూపాయల వడ్డీ తీసుకోవడం తప్పా? ఇంట్లో పెద్ద చర్చ నడుస్తోంది

పల్నాడు_మిర్చి:
అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక చేసుకోండి.

మాది పల్నాడులో పల్లెటూరు. నాన్న మిర్చి, పత్తి వేస్తారు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. మా మేనత్త కొడుకు, నాకు బావ అవుతాడు, నరసరావుపేటలో హార్డ్‌వేర్ షాపు పెట్టుకుంటానంటే నాన్న 6 లక్షలు ఇచ్చారు, ప్రోనోటు రాయించుకుని, నూటికి రెండు రూపాయల వడ్డీకి. అంటే నెలకి 12 వేలు, ఏడాదికి 24 శాతం. బావ ఏడాదికోసారి ఉగాది అయ్యాక వచ్చి లెక్క చూసుకుని కట్టేసి, భోంచేసి, అమ్మ పెట్టిన ఆవకాయ జాడీ పట్టుకుని వెళ్తాడు. ఎవరూ ఎప్పుడూ మొహం మాడ్చుకున్నది లేదు.

ఈ మధ్య ఊరెళ్ళినప్పుడు మా ఆవిడ ఈ లెక్క చూసి షాకైంది. వాళ్ళ నాన్నగారు వైజాగ్‌లో ప్రభుత్వ ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు, తను క్వార్టర్స్‌లో పెరిగింది. "సొంత చెల్లెలి కొడుకు దగ్గర వడ్డీ ఏంటండీ, అదీ 24 శాతం, సాయం చేస్తే చెయ్యాలి లేకపోతే లేదని చెప్పాలి" అంటుంది. వాళ్ళింట్లో చుట్టాలకి ఇస్తే చేబదులే, తిరిగొస్తే వచ్చినట్టు లేకపోతే లేదు.

అటు నాన్నేమో మమ్మల్ని చూసి షాకవుతారు. మాకు 20 ఏళ్ళ హోమ్ లోన్ ఉంది, ఫోన్ ఈఎంఐలో ఉంది, ఫ్రిజ్ కూడా ఈఎంఐనే. "నెలనెలా జీతం పడేవాడికి అప్పెందుకురా, పంట పోయిందా ఏమన్నా, ఫోను కొనడానికి అప్పా" అంటారు. ఆయన దృష్టిలో అప్పు చేసి సరదాగా తిరగడం తప్పు, వడ్డీ తీసుకోవడం తప్పు కాదు. మా ఆవిడకి పూర్తిగా రివర్స్.

ఇద్దరూ మంచివాళ్ళే, ఎవరూ పిసినారి కాదు. నా డౌట్ ఏంటంటే మనం విలువలు విలువలు అంటామే, అవి నిజంగా మనం నమ్మినవా, లేకపోతే ఇంట్లోకి డబ్బు ఏ దారిలో వచ్చిందో దాన్ని బట్టి తయారైనవా? మీ ఇళ్ళల్లో ఎలా ఉంటుంది?

క్వార్టర్స్_పిల్ల:
మీ ఆవిడ చెప్పింది వింటే మా ఇల్లే గుర్తొచ్చింది, నేను కూడా టౌన్‌షిప్‌లోనే పెరిగాను. వడ్డీ అంటే సినిమాల్లో విలన్ చేసే పని అనుకునేదాన్ని.

కానీ పెద్దయ్యాక నాన్న పాత పే స్లిప్పులు సర్దుతుంటే చూశాను, ప్రతి నెలా ఎంప్లాయీస్ కోఆపరేటివ్ సొసైటీ అని ఒక కటింగ్ ఉంది. అక్క పెళ్ళికి, నా ఇంజనీరింగ్ ఫీజుకి, అన్నిటికీ సొసైటీ అప్పే, పక్క క్వార్టర్ అంకుల్ ష్యూరిటీ సంతకం, ఈయన ఆయనకి సంతకం. వడ్డీ శుభ్రంగా కట్టారండీ ఏళ్ళ తరబడి, కాకపోతే జీతం చేతికి రాకముందే కట్ అయిపోయేది కాబట్టి ఇంట్లో ఎవరూ ఆ మాట పలకలేదు. ఒకటో తారీఖు జీతం, మెడికల్ ఫ్రీ, ఇల్లు కంపెనీది, మిగిలిందాంట్లో ఎవరికైనా పదివేలు చేబదులిచ్చి మర్చిపోవడం పెద్ద గొప్పేం కాదు. మీ నాన్నగారికి ఒకటో తారీఖు లేదు. ఆయనకి ఏడాదిలో ఒకేసారి పంట డబ్బు వస్తుంది, అదీ రేటు ఉంటేనే.

అయినా 24 మాత్రం ఎక్కువే, ఆ విషయంలో నేను మీ ఆవిడ వైపే. ధర్మవడ్డీ రూపాయి ఉంది కదా.

టీ_తాగుదాం_రా:
ఆ హార్డ్‌వేర్ షాపు అడ్రస్ కన్నా ముందు మీ నాన్నగారి అడ్రస్ చెప్పండి బ్రో, నాకూ ఒక 6 లక్షలు కావాలి 😄

జగిత్యాల_అన్న:
అన్నా మా దిక్కు దీన్ని మిత్తి అంటం, మిత్తి లేకుంటే గల్ఫ్ లేదు.

నేను దుబాయ్ పోయినప్పుడు ఏజెంట్‌కు లక్షా ఇరవై వేలు కట్టిన. రూల్ ప్రకారం రిజిస్టర్డ్ ఏజెంట్ 30 వేలు, దానిమీద జీఎస్టీ, అంతకు మించి సర్వీస్ ఛార్జ్ తీస్కోవద్దని ఇప్పుడు తెల్సింది గని అప్పుడు ఎవలు చెప్పిండ్రు మనకు. ఊర్లె మూడు రూపాల మిత్తికి తెచ్చిన. చుట్టాలందరినీ అడిగిన, ఒక్కలు గూడ ఉత్తగ ఇయ్యలే. అక్కడ లేబర్ క్యాంపుల ఉండి మొదటి ఏడాది పంపిన పైసలు మిత్తికి, అసలుకే సరిపాయె, ఇంటికి చీర గూడ కొనలే. అప్పుడనుకున్న, నా చేతిల నాలుగు పైసలు వడ్డంక ఊరి పోరగాండ్లకు మిత్తి లేకుంటనే ఇస్తనని.

వచ్చినంక ఇచ్చిన అన్నా. ఇద్దరికిచ్చిన ఉత్తగ. ఒకడు నా ఫోన్ ఎత్తుడు బంద్ చేసిండు. ఇంకోడు షేక్ దగ్గర, ఏజెంట్ దగ్గర, గోల్డ్ లోన్ కాడ అందరికి కట్టి చివరికి నాకు ఇద్దామనుకున్నడట, ఎందుకంటె నాది మిత్తి పెరగదు గదా! వాని లెక్కల వాడు కరెక్టే. గిప్పుడు నేను రూపాయి మిత్తికి ఇస్తున్న. పైసలు ఆశపడి గాదు, నా అప్పు వానికి యాదికుండాలె గంతే.

మీ నాయిన చేసింది నాకైతె తప్పనిపియ్యలే. రెండు రూపాలు గాక ఒక్కటి తీస్కుంటె అయిపోవు.

పల్నాడు_మిర్చి:
@జగిత్యాల_అన్న మీ రెండో కుర్రాడి లెక్క చదివి నవ్వొచ్చింది అన్నా, కానీ నిజం.

నిన్న రాత్రి నాన్నతో ఫోన్‌లో ఇదే మాట్లాడాను, మా ఆవిడ పేరు ఎత్తకుండా. ఆయన చెప్పింది ఇది: "ఊరికే ఇస్తే అల్లుడు నాకు బాకీ ఉండడురా, తగ్గి ఉండాల్సొస్తుంది. రేపు ఏ పెళ్ళిలోనో నేనొక మాటంటే తిరిగి అనలేడు. మీ అత్త నా ముందు గట్టిగా మాట్లాడలేదు. వడ్డీ కడుతున్నాడు కాబట్టే నన్ను వేళాకోళం ఆడతాడు." నాకు ఇది కొత్తగా అనిపించింది, ఎందుకంటే మా ఆవిడ కూడా బంధుత్వం కోసమే వడ్డీ వద్దంటోంది, ఈయన బంధుత్వం కోసమే వడ్డీ కావాలంటున్నారు.

కడప_కుర్రోడు:
మా ఇంట్లో ఈ గొడవే రాదు, వడ్డీ హరాం. ఇచ్చేదీ తీసుకునేదీ రెండూ. మా అబ్బాది (నాన్నది) బట్టల వ్యాపారం, సేవింగ్స్ అకౌంట్‌లో బ్యాంకు వేసే వడ్డీ కూడా లెక్క తీసి ఎవరికైనా ఇచ్చేస్తాడు, అది పుణ్యం కింద కూడా రాయడు, మన సొమ్ము కాదు అంతే. అప్పిస్తే అసలు మాత్రమే తిరిగి రావాలి. రంజాన్‌లో ఏడాది లెక్క చూసి 2.5 శాతం జకాత్ (మా మతంలో తప్పనిసరి దానం) తీస్తాడు, అందులో సగం చుట్టాల్లో లేనివాళ్ళకే పోతుంది.

చిన్నప్పుడు ఇదంతా మా దీన్ (మతం) గొప్పదనం అనుకుని తిరిగేవాణ్ణి. ఇప్పుడు షాపులో కూచుంటుంటే ఇంకొకటి కూడా కనపడుతుంది. వ్యాపారికి అప్పు ఇచ్చే దారి వేరే ఉందబ్బా. సరుకు అరువు మీద ఇస్తాం, రొక్కానికి ఒక రేటు, మూడు నెలల అరువుకి ఇంకో రేటు. ముందే ధర చెప్పి ఒప్పుకుని ఇస్తే అది బేరం, తర్వాత లేటయినా రూపాయి పెంచకూడదు, అదీ తేడా, చాలా పెద్ద తేడానే. కానీ రైతుకి ఆ వీలు లేదు. మీ నాన్న మీ బావకి ఏం అరువిస్తాడు, మిరపకాయలా?

ఒక మార్గం ఉంది, అడిగి చూడండి. వడ్డీ తీసేసి షాపులో భాగం పెట్టుకోమనండి. లాభం వస్తే పంచుకుంటారు, నష్టం వస్తే నష్టం. పెద్దవాళ్ళు ఎంతమంది ఒప్పుకుంటారో చూద్దాం, ఎందుకంటే వడ్డీలో నష్టం అనే మాట లేదు.

డాలస్_బాబాయ్:
మా అమ్మ ఇక్కడికొచ్చిన కొత్తలో మా పక్కింటి తెలుగు కుర్రాళ్ళు కందిపప్పు, నూనె కొని ఆరుగురూ సెంట్లతో సహా పంచుకోవడం చూసి "ఛీ ఛీ స్నేహితుల మధ్య లెక్కలేంటి" అంది. అదే అమ్మ, ఇంటికెళ్ళాక నా పెళ్ళి చదివింపుల పుస్తకం తీసి, ఫలానా వాళ్ళు మనకి 516 రాశారు, వాళ్ళమ్మాయి పెళ్ళికి మనం 1,116 రాయాలి అని చెప్పింది. ఇన్నేళ్ళ తర్వాత! లెక్క అందరిదీ ఉంటుంది, ఎవరి లెక్క వాళ్ళకి మర్యాదలా ఉంటుంది.

కౌలు_రైతు_కొడుకు:
ఇక్కడ ఎవరూ మాట్లాడని సంగతి ఒకటి చెప్తాను, ఎవరినీ అనడం కాదు.

భూమి పాస్‌బుక్ ఉన్న రైతుకి బ్యాంకు పంట రుణం 3 లక్షల దాకా 7 శాతానికి ఇస్తుంది, గడువులోపు కడితే 3 శాతం తగ్గి 4 పడుతుంది. మా నాన్న పాతికేళ్ళుగా మిర్చి పండిస్తున్నాడు కానీ సెంటు భూమి పేరు మీద లేదు, కౌలు. కౌలు కార్డుకి ఆసామి సంతకం పెట్టాలి, భూమి పోతుందేమోనని ఆయన పెట్టడు. మరి పెట్టుబడి ఎక్కడిది? ఒకటి గుంటూరు యార్డు కమిషన్ ఏజెంట్ దగ్గర అడ్వాన్సు, పంట ఆయనకే వెయ్యాలి. రెండోది ఊళ్ళో నోటు మీద. మా ఊళ్ళో ఇద్దరు ముగ్గురున్నారు, బ్యాంకులో 4 శాతానికి తెచ్చిన పంట రుణమే మాకు 24కి ఇస్తారు. అదే డబ్బు, అదే పొలం, సాగు చేసేది మేము. మీ నాన్నగారు అలా చేస్తారని నేను అనట్లేదండీ, ఆయనది సొంత కష్టం అయుండొచ్చు.

అందుకే విలువలు వృత్తి నుంచి వస్తాయి అంటే నాకు పూర్తిగా ఎక్కదు. మా నాన్నదీ అదే వృత్తి, అదే పంట, అదే ఊరు. కానీ మా ఇంట్లో వడ్డీ అంటే క్రమశిక్షణ అని ఎవరూ అనరు. నోటు రాయించుకునే వైపు కూచున్నవాడికి అది పద్ధతి, వేలిముద్ర వేసే వైపు కూచున్నవాడికి ఇంకొకటి.

నెల్లూరు_నెరజాణ:
పైన అన్నీ చదివాను, ఒక్కరు కూడా అత్త గురించి అడగలేదేంటి? అంతా మామా అల్లుడూ, నోటూ వడ్డీ.

ముందు మా అమ్మ కథ ఒక ముక్క. మా అమ్మ పొదుపు గ్రూపులో లీడర్‌గా చేసింది చాలా ఏళ్ళు. గ్రూపు డబ్బు లోపల లోపల రూపాయి వడ్డీకి తిప్పుకునేవాళ్ళు, ఆ వడ్డీ మళ్ళీ గ్రూపుకే చేరేది, కట్టినావిడకి కూడా అందులో వాటా. సొంత చెల్లెలికి కూడా వరస తప్పి ఇవ్వలేదు మా అమ్మ. కాబట్టి చుట్టాల దగ్గర వడ్డీ పాపం అని నేను అనను. వడ్డీ ఎవరింటికి పోతుందన్నదే నా ప్రశ్న.

ఇప్పుడు పల్నాడు బ్రదర్, మీ నాన్నగారు సాగు చేసే భూమి తాతగారిదేనా? అత్తకి వాటా ఇచ్చారా? మన ఆంధ్రాలో పిత్రార్జితంలో ఆడపిల్లకి సమాన హక్కు 1985 సెప్టెంబర్ 5 నుంచి ఉంది, దేశం మొత్తం కన్నా 20 ఏళ్ళు ముందు. కాకపోతే ఆ తేదీకి ముందే పెళ్ళయినవాళ్ళకి వర్తించలేదు. 2005లో కేంద్రం చట్టం మార్చాక ఆ తేడా పోయింది, 2020లో సుప్రీంకోర్టు కూడా పుట్టుకతోనే హక్కు అని తేల్చింది, 2004 డిసెంబర్ 20కి ముందే సరిగ్గా పంపకాలు అయిపోయిన ఆస్తి అయితే తప్ప. అత్త వాటా భూమి మీద పండిన మిర్చి డబ్బులే 6 లక్షలుగా మారి అత్త కొడుక్కి 24 శాతానికి వెళ్ళాయేమో ఒకసారి చూసుకోండి. అప్పుడు ఎవరు ఎవరికి బాకీ?

టీ_తాగుదాం_రా:
అక్కా 🙏 నేను జోక్ వేసి వెళ్ళిపోదామనుకున్నా, ఇప్పుడు మా మేనత్తల లెక్క కూడా చూడాలి.

పల్నాడు_మిర్చి:
@నెల్లూరు_నెరజాణ గారూ, ఇలా అడుగుతారని ఊహించలేదు.

తాతగారి భూమి 7 ఎకరాలు, ఇప్పుడు మొత్తం నాన్న పేరు మీదే ఉంది. అమ్మనడిగాను. తాతగారు పోయాక అత్త వచ్చి సంతకం పెట్టి వెళ్ళిందట, "పుట్టింటి తలుపు తెరిచి ఉంటే చాలు" అందట. అమ్మ ఇది చాలా గొప్పగా చెప్పింది. "మరి వాటా?" అంటే "పెళ్ళికి కట్నం ఇచ్చారుగా" అంది. ఆ కట్నం అత్త చేతికి రాలేదు, మా మామయ్య వాళ్ళ నాన్న దాంతో వాళ్ళ ఊళ్ళో పొలం కొన్నారు, అది వాళ్ళ అన్నదమ్ముల మధ్య పోయింది. అంటే అటూ లేదు ఇటూ లేదు.

మా ఆవిడ మొదట్నుంచీ ఏదో తేడాగా ఉంది అంటూనే ఉంది కానీ తను కూడా ఈ వైపు నుంచి చూడలేదు. తనకీ పుట్టింట్లో ఫ్లాట్ ఉంది, తమ్ముడి పేరు మీద రాస్తామంటున్నారు, "నేను అడగను" అంటోంది నిన్నటిదాకా. ఇప్పుడు మాట్లాడట్లేదు 🙂

నేను నాన్నతో వాటా సంగతి ఇప్పుడే ఎత్తను, ఎత్తితే గొడవ అత్త మీదకే వెళ్తుంది, నువ్వే నేర్పావంటారు. ముందు వడ్డీ సంగతి చూస్తాను. ఇప్పటిదాకా వడ్డీ కింద కట్టింది అసలులో జమ చేసుకోమని అడగాలనుకుంటున్నా, నాన్నకి తగ్గేది నేను ఇస్తాను.

క్వార్టర్స్_పిల్ల:
మీరిస్తే మీ నాన్నగారు మీ దగ్గర నోటు రాయించుకుంటారేమో 😀

బెంచ్_మీద_లాయర్:
విలువల సంగతి మీరు మీరు తేల్చుకోండి, నేను నోటు సంగతి చెప్తా. డిమాండ్ ప్రోనోటుకి, అంటే అడిగినప్పుడు కట్టాలని రాసే నోటుకి, మూడేళ్ళే గడువు, ఆ తర్వాత కోర్టులో చెల్లదు. మీ బావ ఉగాదికి కట్టిన డబ్బు నోటు వెనక చెల్లు రాసి, తేదీ వేసి, ఆయన సంతకం ఉందా? ఉంటే ఆ తేదీ నుంచి మళ్ళీ మూడేళ్ళు. నోటి మాటగా కట్టి భోంచేసి వెళ్ళిపోతే లెక్కలోకి రాదు. వడ్డీని అసలులో జమ చేసేట్టయితే అది కూడా అక్కడే రాయించండి, లేకపోతే రేపు మీ బావకే నష్టం, 6 లక్షలూ అలాగే కనపడతాయి. ఇంకోటి, అప్పు 20 వేలు ఆ పైన అయితే క్యాష్‌లో తీసుకోకూడదు, ఇన్‌కమ్‌టాక్స్ రూల్. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే ఉండి టాక్స్ పరిధిలో లేకపోతే మినహాయింపు ఉంది కానీ మీ బావది షాపు. ఆ 6 లక్షలు బ్యాంకు ద్వారా వెళ్ళాయా, సంచీలో వెళ్ళాయా?

పల్నాడు_మిర్చి:
సంచీలోనే అండీ. యార్డు నుంచి వచ్చిన సంచీ వచ్చినట్టే ఇచ్చారు. చెల్లు రాశారో లేదో ఈ ఆదివారం వెళ్ళి చూస్తాను.