“పాకాన పడింది” అంటే ఎన్ని డిగ్రీల దగ్గర?

మూడు నెలలుగా నలుగుతున్న ఆఫీసు పని ఒకటి నిన్న కొలిక్కి వచ్చింది. “హమ్మయ్య, పాకాన పడింది” అన్నాను. పక్క సీటులో కూర్చునే తెలుగబ్బాయి బెంగళూరులోనే పుట్టి పెరిగాడు. “ఏ పాకం? ఎవరు పడ్డారు?” అన్నాడు. నవ్వేశాను గానీ, సంక్రాంతికి అరిసెల దగ్గర తిన్న దెబ్బ గుర్తొచ్చింది.

చెన్నైలో ఉండే మా వదిన పాకానికి థర్మామీటర్ పెట్టడం మొదలెట్టింది. “ఉండపాకమంటే 115. కళ్లు మూసుకుని దింపెయ్” అని మెసేజ్ చేసింది. నేనూ ఒకటి తెప్పించుకుని, ఇక్కడ సరిగ్గా 115 దగ్గర దింపి పిండి కలిపాను. వచ్చినవి అరిసెలు కావు, పలకలు. మా ఆయన ఒకటి కొరికి, రెండోదాన్ని మేకు కొట్టడానికి పనికొస్తుందేమోనని అటూ ఇటూ తిప్పి చూశారు.

తప్పు వదినదీ కాదు, థర్మామీటరుదీ కాదు. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది. గాలి పీడనం తక్కువ కాబట్టి ఇక్కడ మంచినీళ్లు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి. చెన్నైలో 100 కావాలి. పాకం చిక్కదనం తెలిసేది, మంచినీళ్ల మీద ఎన్ని డిగ్రీలు ఎక్కిందన్న లెక్కలో. వదిన పాకం 15 ఎక్కింది, నాది 18. అంటే నా గిన్నెలో నీళ్లు మరీ ఎక్కువ ఇగిరిపోయాయి. 112 దగ్గరే దింపాల్సింది. అమ్మలాగా పళ్లెంలో నీళ్లు పోసి, చుక్క వేసి, వేళ్లతో దగ్గరికి తీసి చూసుకున్నా సరిపోయేది. ఉండకు ఊరితో పని లేదు.

ఇప్పుడు మాట సంగతి. పుస్తకాల్లో “మరుగు స్థానం” అని ఉంటుంది. నీళ్లకు అది చక్కగా అతుకుతుంది. ఒకసారి మరగడం మొదలయ్యాక ఎంత మంట పెట్టినా అంకె కదలదు. పాకానికి అలాంటి స్థిరమైన చోటు లేదు. నీటి ఆవిరి పీడనం బయటి గాలి పీడనంతో సమానమైతేనే మరుగు. తీపి కరిగితే ఆ ఆవిరి పీడనం తగ్గుతుంది, దాన్ని మళ్లీ అందుకోవాలంటే ఇంకాస్త వేడి కావాలి. ఆ వేడికి ఇంకొన్ని నీళ్లు పోతాయి, పాకం ఇంకా చిక్కనవుతుంది, అంకె ఇంకా ఎక్కుతుంది. చెన్నై లెక్కన చక్కెర పాకమైతే తీగ 105 ప్రాంతంలో, ఉండ 112 నుంచి 116 మధ్య, పటుక్కున విరిగే ముదురుపాకం 146 దాటాక. అందుకే మనవాళ్లు పాకం “మరిగింది” అని ఊరుకోరు, “ముదిరింది” అంటారు. బెండకాయకు వాడే మాటే! ఆ ముదిరే దారిలో మనకు కావలసిన ఘడియే “పాకాన పడటం” అని నా ఊహ. పెద్దలు సరిదిద్దండి.

వ్యాఖ్య: ఊహ బాగుంది. వ్యాకరణం కూడా మీ వైపే ఉంది. “దారిన పడ్డాడు”, “గాడిన పడింది” లాంటిదే ఇదీ. పాకంలో పడటం కాదు, పాకానికి రావడం. మీ కుర్రాడికి ఇలా చెప్పండి.

వ్యాఖ్య: కావ్యాల్లో ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం ఉన్నాయి కదా, వాటినెందుకు వదిలేశారు?

జవాబు: అవి రుచి ఎంత సులువుగా అందుతుందన్న లెక్క అండీ, పొయ్యితో పని లేదు. కానీ పాకం, పక్వం ఒకే ధాతువు నుంచి వచ్చినవే కాబట్టి “ముదురు” అక్కడికీ చుట్టమే.

వ్యాఖ్య: ఎసట్లో ఉప్పు ముందే వేస్తే నీళ్లు ఆలస్యంగా మరుగుతాయని మా అత్తగారు కసురుతారు. నిజమేనా? మరి మరిగే నీళ్లలో ఉప్పు వేస్తే ఒక్కసారి బుసబుసమంటుందే?

జవాబు: సూత్రం నిజం, కసురు దండగ. లీటరు నీళ్లలో 10 గ్రాముల ఉప్పు వేస్తే పెరిగేది డిగ్రీలో ఆరో వంతు. కిలో పంచదార కరిగించినా ఒకటిన్నర డిగ్రీయే. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త రౌల్ట్ 1880లలో తేల్చిన సంగతి ఇది. పలుచని ద్రావణాల్లో లెక్కకొచ్చేది ఏం కరిగిందని కాదు, ఎన్ని కణాలుగా కరిగిందని. ఉప్పు రెండుగా విడిపోతుంది, పంచదార విడిపోదు. ఇక ఆ బుసబుస వేరే కథ. ఉప్పు పలుకుల గరుకు మీద బుడగలు తేలిగ్గా పుడతాయి, అంతే.

వ్యాఖ్య: చెన్నైలో మా పక్కింటివాళ్లు “కంబి పదం” అంటారు, కంబి అంటే తీగే. కన్నడంలో?

జవాబు: “ఒందెళె పాక”. ఎళె అంటే పోగు. ముగ్గురమూ వేళ్ల మధ్య సాగదీసే చూశాం మరి.

వ్యాఖ్య: 115 చెప్పిన వదినను నేనే. గ్రూపులో ఉన్నానని మర్చిపోయినట్టున్నావ్. ఈసారి పళ్లెంలో నీళ్లు పోసుకుని వీడియో కాల్ చెయ్యి, ఉండ నేను చూసి చెప్తా.