తగ్గిపోయింది కదా అంటున్నారు, మరి ఈ చేత్తో శ్రావణం జాకెట్లు ఒప్పుకోవచ్చా?

తెనాలి కుట్టుమిషను అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నాకు 44 ఏళ్లు. తెనాలిలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను, ఇరవై ఏళ్ల పైమాటే. పోయిన ఏడాది మార్చితో నా రొమ్ము క్యాన్సర్ వైద్యం అయిపోయింది. కుడి రొమ్ము తీసేశారు, చంకలో గ్రంథులు కూడా తీశారు. కీమోలో ఎర్ర మందు నాలుగుసార్లు, తర్వాత వారం వారం ఇంకో మందు పన్నెండుసార్లు ఎక్కించారు, ఆపైన 25 రోజులు కరెంటు (రేడియేషన్) పెట్టారు. ఇప్పుడు జబ్బు తిరగబెట్టకుండా రోజూ టామాక్సిఫెన్ 20 ఎంజీ బిళ్ల ఒకటి. ఆరు నెలలకోసారి హైదరాబాదు వెళ్లి చూపించుకోవాలి.

ఆషాఢం సేల్సులో చీరలు కొన్నవాళ్లంతా సంచులు పట్టుకుని గుమ్మంలోకి వస్తున్నారు. శ్రావణ శుక్రవారాలు, వరలక్ష్మీ వ్రతం, వెనకాలే పెళ్లిళ్లు. అందరిదీ ఒకటే మాట: "నీకు తగ్గిపోయింది కదే, కుట్టిపెట్టవా?" తగ్గిపోయింది, అబద్ధం కాదు. జుట్టు కూడా వచ్చింది, మా వంశంలో ఎవరికీ లేని ఉంగరాల జుట్టు. దాన్ని చూసే అంటున్నారనుకుంటా. జుట్టు కనపడుతుంది, చెయ్యి కనపడదు.

నా ఎడమ చేతికి రెండూ ఆరు గాజులు. కుడి చేతికి రెండూ ఎనిమిది కూడా మణికట్టు దగ్గరే ఆగిపోతున్నాయి. పొద్దున బాగానే ఉంటుంది. పెద్ద కత్తెరతో నాలుగు లైనింగులు కత్తిరించేసరికి నీళ్లలో నానబెట్టిన దుప్పటిలా బరువెక్కుతుంది. వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉంటుంది.

రెండోది వేళ్లు. కొసలు మొద్దుబారాయి. మొన్న ఒకావిడ గంధం రంగు పట్టు జాకెట్టుకి హుక్కులు కుడుతుంటే బట్ట మీద ఎర్ర చుక్క కనపడింది. సూది వేలిలో దిగిందని ఆ చుక్కని చూశాకే తెలిసింది నాకు. ఎవరి రక్తపు మరక వాళ్ల ఉమ్మితోనే పోతుందని నాకు పని నేర్పినావిడ చెప్పేది. అలాగే తుడిచాను, పోయింది. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇరవై ఏళ్లుగా చీకట్లో కూడా సూదిలో దారం ఎక్కించిన వేళ్లు ఇవి.

ఇంకోటి చెప్తాను, నవ్వకండి. రోజంతా ఊళ్లో ఆడవాళ్ల ఛాతీ కొలతలు తీసే నాకు నా జాకెట్టు కుదరట్లేదు. బూరుగు దూదితో మెత్త కుట్టి పెట్టుకున్నాను. మరీ తేలిక, బస్సులో పైనున్న కడ్డీ పట్టుకుంటే భుజం దాకా ఎక్కి కూర్చుంది. తర్వాత మొత్తం ఆవాలు పోశాను. బరువు కుదిరింది గానీ మే నెల చెమటకి వాసన. ఇప్పుడు మధ్యలో చిన్న మూటలో 120 గ్రాముల ఆవాలు, చుట్టూ దూది, పైన పాప్లిన్ తొడుగు, జాకెట్టు లోపల దానికో జేబు. మూట బయటికి తీసి తొడుగు ఉతుక్కోవచ్చు. ఇది కాస్త నయం. బీరువాలో ఉన్న ఏ పాత జాకెట్టూ నాకిప్పుడు ఆది కాదు.

అడిగేది ఏంటంటే, ఈ చేత్తో సీజను పని ఒప్పుకోవచ్చా? అన్నీ మానేసి కూర్చోమంటోంది మా ఆడపడుచు. ఇంకా, పక్కింటివాళ్లు ఏడాదికోసారి పెట్ స్కాన్, అదే ఒళ్లంతా క్యాన్సర్ ఎక్కడైనా ఉందేమో చూసే స్కాన్, తీయించుకోమంటున్నారు. మా డాక్టరు గారు అక్కర్లేదన్నారు. ఎవరి మాట వినాలి?

ఆకుపసరు:

మేడమ్, స్కాన్లూ బిళ్లలూ అన్నీ వ్యాపారం. బొప్పాయి ఆకు కషాయం 48 రోజులు తాగండి. బిళ్లలు మానేయొచ్చు. వివరాలకు మెసేజ్ చేయండి.

తెనాలి కుట్టుమిషను:

అయ్యా, ఆ కషాయం ఇప్పటికే ముగ్గురు తెచ్చిచ్చారు. ఒకరు సీసా కూడా వెనక్కి తీసుకోలేదు, అందులో బొత్తాలు పోసుకున్నాను. బిళ్లలు మానను.

విశాఖ ఫిజియో:

అమ్మా, నేను ఫిజియోథెరపిస్టుని, క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్ల చేతులే రోజూ చూస్తాను. మీ చెయ్యి వాపుని లింఫెడిమా అంటారు. చంకలో గ్రంథులు తీసేశాక, కరెంటు కూడా పెట్టాక, చేతిలోంచి పైకి పోవాల్సిన ఒక రకం నీరు దారి లేక నిలిచిపోతుంది. ఆపరేషనైన వెంటనే రానక్కర్లేదు, ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. గుంట పడుతోందంటే ఇప్పుడే పట్టించుకోవాలి. వదిలేస్తే గట్టిపడుతుంది, అప్పుడు తగ్గించడం కష్టం.

మీ చేతిలో టేపు ఉంది కాబట్టి ఈ పని ఈ రాత్రే చేయండి. రెండు చేతులకీ మణికట్టు దగ్గర, అక్కణ్ణించి ప్రతి పది సెంటీమీటర్లకీ చుట్టుకొలత తీసి రాసుకోండి. ఎక్కడైనా రెండు సెంటీమీటర్లకి మించి తేడా ఉంటే ఫిజియోకి చూపించాల్సిందే. అంగుళాల్లో వద్దు, తేడా దాక్కుంటుంది.

మీరు అడిగారో లేదో తెలీదు, చాలామంది మందుల షాపులో కనపడ్డ స్లీవు, అంటే వాపు పెరగకుండా చేతికి బిగుతుగా వేసుకునే సాగే తొడుగు, కొనేసుకుంటారు. వాపు ఎక్కువున్నప్పుడు ముందు పొరలు పొరలుగా పట్టీలు కట్టి తగ్గించాలి. తర్వాతే కొలత తీసి స్లీవు. పగలు వేసుకోవాలి, రాత్రి తీసేయాలి. ఆరు నెలలకి సాగిపోతుంది, మార్చాలి. కుదరని జాకెట్టు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు, కుదరని స్లీవైతే వేళ్లలోకి వాపు దింపుతుంది.

మీ ఆడపడుచు గారి మాట పాత రోజులది. బరువెత్తకూడదని మేమూ ఒకప్పుడు చెప్పేవాళ్లం. 2009లో అమెరికాలో ఇదే వాపు ఉన్న 141 మంది ఆడవాళ్లలో సగం మంది చేత వారానికి రెండుసార్లు కొద్దికొద్దిగా పెంచుతూ బరువులెత్తించి చూశారు. వాళ్ల చేతుల్లో వాపు పెరగలేదు, ఉన్నట్టుండి ఎక్కువవడం కూడా మిగతావాళ్ల కంటే తక్కువగా జరిగింది. కాబట్టి పని చేయొచ్చు. కానీ ఏడాది ఖాళీగా ఉన్న చెయ్యిని ఒక్కసారిగా రోజుకి పది గంటలు ఆడించకూడదు. గంట కుట్టాక లేచి, చెయ్యి పైకెత్తి పిడికిలి బిగించి వదులుతూ ఇరవైసార్లు.

అన్నిటికంటే నాకు భయం వేసింది మీ రక్తపు చుక్క దగ్గర. మరక సంగతి కాదు. గ్రంథులు తీసేసిన చేతిలో చిన్న సూది పోటు కూడా చీము పట్టేదాకా వెళ్లొచ్చు. మీకేమో గుచ్చుకున్న సంగతే తెలియట్లేదు. ఆ చేతి వేలికి తొడుగు లేకుండా సూది పట్టుకోకండి. గుచ్చుకుంటే సబ్బుతో కడగండి, ఉమ్మి వద్దు. చెయ్యి ఎర్రబడి, వేడిగా అయి, జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇస్త్రీపెట్టె దగ్గరా అంతే, కాలినా తెలియదు.

వేళ్ల మొద్దు ఆ వారం వారం మందు వల్ల. చాలామందికి నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది. మంటా పోట్లూ ఉంటే మందులున్నాయి, ఉత్త మొద్దుకి అంతగా పనిచేయవు. ఏ మందు రాయించుకున్నా టామాక్సిఫెన్ వాడుతున్నానని ముందే చెప్పండి.

ఓరుగల్లు టీచరమ్మ:

చెల్లె, నాది వరంగల్. ఆపరేషనై ఎనిమిదేండ్లాయె. నీ ఆవాల ముచ్చట చదివి నవ్విన, నవ్వొద్దన్నవ్ గని ఆపుకోలేకపోయిన. మా అన్న కూతురు హైదరాబాద్ల సిలికాన్‌ది కొనిచ్చింది. చూడనీకి మంచిగుంటది. ఎండాకాలం ఆరు పీరియడ్లు నిలబడి చెప్పేసరికి లోపల చెమట కారుతది. ఇంటికొచ్చి ముందు దాన్నే తీసి మంచం మీద పడేస్త, తర్వాతనే చెప్పులిడుస్త.

స్కాను గురించి. నాకూ అదే బుగులుండె. మా డాక్టరమ్మను మూడుసార్లడిగిన. ఏ బాధా లేనోళ్లకు ఊకె పెట్ స్కాన్లు, రక్తంల క్యాన్సర్ జాడ చూసే మార్కర్ల పరీక్షలు చేస్తె ఫాయిద లేదన్నది. మొదటి మూడేండ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి చెయ్యితోని పరీక్ష, ఏడాదికోసారి రెండో దిక్కు రొమ్ముకు మామోగ్రామ్, అంటె ఎక్స్‌రే, గంతే. కొత్తగ ఎముకల నొప్పి వచ్చి తగ్గకపోయినా, దగ్గు పట్టుకొని ఇడవకపోయినా, గడ్డ తగిలినా తారీఖు కోసం చూడకుంట పోవాలె. టామాక్సిఫెన్ వాడేటోళ్లకు ఇంకోటుంది. ముట్లు ఆగినంక మళ్ల రక్తం కనపడితె, వయసుది కావచ్చని ఊరుకోవద్దు, చెప్పాలె. కాలు పిక్క వాచి నొప్పి పెట్టినా అంతే.

బిళ్లలు మాననన్నవ్, మంచిగ చెప్పినవ్. నేను రెండో ఏడు మానేసిన, ఎవ్వలికీ చెప్పలే. ఒంట్లకెల్లి ఆవిర్లు వస్తుండె, బోర్డు మీద రాస్తుంటె వీపంత తడిసిపోతుండె, పిల్లలు చూస్తుండె. పదకొండు రోజులు మానేసి, ఒక రాత్రి లేచి డబ్బా ఎతికి ఏసుకున్న. ఎందుకేసుకున్ననో నాకూ తెల్వదు. మళ్లా మానలే.

చెకప్పుకు ముందు వారం నిద్ర పట్టదు, ఎనిమిదేండ్లయినా. పోతది అని నేను చెప్ప. నేనైతె ఆ వారం పరీక్ష పేపర్లు దిద్దుత. పిల్లలు రాసిన తప్పులు చూస్తుంటె నా సంగతి యాదికి రాదు.

ఇంతకు, నాకొకటి కుట్టిస్తవా, ఆవాలది?

రిజర్వేషన్ కౌంటర్:

అమ్మాయ్, నేను రైల్వేలో బుకింగ్ క్లర్కుగా చేసి రిటైరయ్యాను. డాక్టరు సంగతులు నాకు తెలియవు. నువ్వు ఆరు నెలలకోసారి హైదరాబాదు వెళ్తున్నానని రాశావు, టిక్కెట్టుకి డబ్బులు పెడుతున్నావా? వైద్యానికే కాదు, వైద్యం అయ్యాక చెకప్పులకి వెళ్లేవాళ్లకి కూడా క్యాన్సర్ రాయితీ ఉంది. స్లీపర్లో, థర్డ్ ఏసీలో రోగికి పూర్తిగా ఉచితం, తోడు వచ్చేవాళ్లకి 75 శాతం తగ్గింపు. సెకండ్ క్లాసు, చైర్ కార్ అయితే ఇద్దరికీ 75 శాతం. ఆసుపత్రిలో రైల్వే ఫారం మీద డాక్టరు సంతకం, ముద్ర వేయించుకుని స్టేషను కౌంటరుకి తీసుకెళ్లు. నేను కౌంటరులో ఉండగా వైద్యం జరుగుతున్నవాళ్లే అడిగేవాళ్లు. అయిపోయినవాళ్లు అడిగేవాళ్లు కాదు, ఇంక మనకి రాదనుకునేవాళ్లు. మా ఆవిడని ముంబై తిప్పినప్పుడు నేనూ లైన్లో నిలబడే తీసుకున్నాను.

తెనాలి కుట్టుమిషను:

అందరికీ దండాలు. నాలుగు రోజులు రాయలేకపోయాను.

ఫిజియో గారూ, ఆ రాత్రే కొలిచాను. మా అమ్మాయి రాసుకుంది. మణికట్టు దగ్గర ఒకటిన్నర తేడా, మోచేతి పైన మూడు. ఇరవై ఏళ్లుగా అందరి చేతుల చుట్టుకొలతా రాసిన పుస్తకంలోనే రాయించాను, రెండు పేజీలు వదిలి, నా పేరు పెట్టి. నిన్న గుంటూరులో చూపించుకున్నాను. రెండు వారాలు పట్టీలు కట్టాలన్నారు, తర్వాత స్లీవుకి కొలత. పట్టీలు కట్టిన చెయ్యి చూసి మా వీధిలో ఒకావిడ "అయ్యో, విరిగిందా?" అంది. అవునన్నాను. విరిగిందంటే వెంటనే అర్థమైపోయింది ఆవిడకి, ఇంకేం అడగలేదు, జాకెట్లు కూడా వెనక్కి తీసుకెళ్లింది!

పోయిన శ్రావణాలకి నూట యాభై దాకా కుట్టేదాన్ని. ఈసారి నలభై ఒప్పుకున్నాను. కత్తిరించడం మా ఎదురింటి పిల్లకి నేర్పుతున్నాను. కోతకింతని ఇస్తున్నాను. చంక దగ్గర గుండ్రం ఇంకా వంకరగానే పోతోంది దానికి. హుక్కులూ కాజాలూ మా అమ్మాయి. మిషను పని నాది. అంతకుమించి ఎవరొచ్చినా లేదన్నాను, మా పెద్దాడపడుచు చీరతో సహా. చూద్దాం.

బాబాయ్ గారూ, మా ఆయనా నేనూ మూడుసార్లు పూర్తి డబ్బులు పెట్టి వెళ్లొచ్చాం. నవంబరు చెకప్పుకి ఫారం రాయించుకుంటాను.

టీచరక్కా, తప్పకుండా కుడతాను. మెత్తకి కొలత కావాలి. మీ ఆది జాకెట్టు ఒకటి కొరియర్లో పంపండి. ఆపరేషనుకు ముందుది కాదు, ఇప్పుడు బడికి వేసుకెళ్లేది. కుడివైపో ఎడమవైపో చీటీ మీద రాసి పెట్టండి.