గండిపేట ఎగువ వాగుల ఒడ్డున చెట్లు: ఎవరి భూమిలో పెంచాలి?

(ఏరుమద్ది, నల్లరేగడి, తూము అనేవి ఈ చర్చలో మాట్లాడేవారి మారుపేర్లు. నల్లరేగడి వాగు ఒడ్డున భూమి ఉన్న రైతు.)

ఏరుమద్ది: అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ, హైదరాబాద్‌కు తాగునీరిచ్చే గండిపేట జలాశయాన్ని చేరేలోపు ఎన్నో వాగులు అందులో కలుస్తాయి. ఆ వాగుల ఒడ్డున పెరగవలసినవి ఏరుమద్ది, కానుగ, నేరేడు, మేడి. ఇప్పుడు చాలాచోట్ల దుక్కి నీటి అంచు దాకా వచ్చింది. పెద్ద వాన పడితే చేలలోని మెత్తటి మన్ను, దాన్ని అంటిపెట్టుకున్న భాస్వరంతో సహా జలాశయానికి చేరుతుంది. ఒడ్డున గడ్డీ చెట్లూ ఉంటే నీటి వేగం తగ్గి మన్ను అక్కడే దిగుతుంది. వేళ్ళ దగ్గరి తడినేలలోని సూక్ష్మజీవులు ఎరువుల నుంచి వచ్చే నైట్రేట్‌ను వాయువుగా మారుస్తాయి. కాబట్టి వాగుకు ఇరువైపులా పది మీటర్ల వెడల్పున గడ్డీ చెట్ల పట్టీని తప్పనిసరి చేయాలి.

నల్లరేగడి: వంద మీటర్ల ఒడ్డున్న రైతుకు పది మీటర్లంటే దాదాపు పది గుంటలు. కొన్నేళ్ళ క్రితం ఒక శాఖవారు మమ్మల్ని అడగకుండానే మా ఒడ్డున గుంతలు తవ్వించి మొక్కలు నాటారు. వేసవిలో నీళ్ళు పోసినవారు లేరు, మొక్కలను మేకలు మేశాయి, మరుసటి వానాకాలం ఆ గుంతల దగ్గరే గట్టు జారింది.

తూము: వెడల్పు ఒక్కటే చూడకండి. చేను నుంచి వాగులోకి కాలువ తీసి ఉంటే, ఎంత వెడల్పు పట్టీ ఉన్నా నీరు దాన్ని తాకకుండా ఆ కాలువలోనే పోతుంది.

ఏరుమద్ది: కాలువలు పూడ్చవచ్చు. ముందు పది మీటర్లు ఒప్పుకోండి. ఐదు మీటర్లంటే రెండు వరుసల చెట్లకే సరిపోతుంది, గడ్డికి చోటుండదు.

నల్లరేగడి: మీరు మళ్ళీ మీటర్ల దగ్గరికే వచ్చారు. నేను అడిగింది గుంటల సంగతి.

ఏరుమద్ది: 2022 ఏప్రిల్‌లో 69వ జీవోతో జలాశయం చుట్టూ నిర్మాణాల మీద ఉన్న ఆంక్షలు సడలించినప్పటి నుంచి అందరి చూపూ ప్లాట్ల మీదే ఉంది. ఒడ్డు కూడా అమ్ముడుపోవాలనే మీ అభ్యంతరమంతా.

నల్లరేగడి: ఆ మాట వెనక్కి తీసుకోండి. అమ్మేవాడినైతే ఈ ఏడు జొన్న వేసేవాడిని కాదు. ఆ ఆంక్షలు పెట్టిన 1996 నాటి 111వ జీవో వర్తించిన 84 గ్రామాల్లో మాదీ ఒకటి. నగరం తాగే నీటి కోసం అన్నేళ్ళు మా భూముల ధర అణిగి ఉంటే, నగరం నుంచి మాకు ఒక్క రూపాయి రాలేదు. న్యూయార్క్ నగరం 1997లో తన తాగునీరు వచ్చే ఎగువ కాట్స్‌కిల్ కొండ ప్రాంతంవారితో ఒప్పందం చేసుకొని, అక్కడి రైతులు నీటిని కాపాడే పనులకు తానే డబ్బు ఇస్తోంది. చెట్లు వద్దని నేను ఎప్పుడూ అనలేదు. ఆ పది గుంటలకు నీటి బిల్లులోంచి ఏటా కౌలు ఇవ్వండి, కానుగ నేనే నాటి కాపలా కాస్తాను.

తూము: ఈ మాట మొదటే చెప్పి ఉంటే బాగుండేది.

ఏరుమద్ది: నా ఆరోపణను వెనక్కి తీసుకుంటున్నాను, కౌలును మాత్రం ఒప్పుకోను. వాగు అందరిదీ అయినప్పుడు దాన్ని కలుషితం చేయకుండా ఉండడం ఒడ్డున ఉన్నవారి బాధ్యత. దానికి వెల కట్టడం మొదలుపెడితే ప్రతి చెరువు గట్టుకూ కట్టవలసి వస్తుంది.

నల్లరేగడి: వాగు అందరిదే. పట్టా పాసుపుస్తకంలో ఆ పది గుంటలు నా పేరు మీద ఉన్నాయి, వాటి మీద తెచ్చిన పంట రుణమూ నా పేరు మీదే ఉంది.