కంపెనీ సెలెక్షన్ల దొరికిన పిల్లను పంపాల్నా, ఆపాల్నా?

కాజీపేట నాయిన:
మొన్న ఆదివారం హన్మకొండ జేఎన్ స్టేడియంల ఓ కంపెనీ సెలెక్షన్లు పెట్టింది. నా బిడ్డకు 13 ఏండ్లు. వంద మీటర్లు ఉరికితే చేతి వాచీల 13.1 వచ్చింది, తీసుకుంటమన్నరు. వేరే రాష్ట్రంల అకాడమీ. హాస్టల్, తిండి, స్పైక్స్ (ఉరికే మేకుల బూట్లు), బడి అన్నీ వాళ్లయే. మూడేండ్ల అగ్రిమెంటు మీద సంతకం అడుగుతున్నరు. ఇంట్ల ఆమె వద్దంటున్నది, నాకేమో పంపాలనే ఉన్నది. మీరేమంటరు?

రిటైర్డ్ పీఈటీ:
ముందుగాల ఆ 13.1 సంగతి. వాచీ పట్టినాయన తుపాకి పొగ చూసినంక నొక్కుతడు, గీత కాడ మాత్రం పిల్ల వచ్చుడు ముందే చూస్తుంటడు. అందుకే వంద మీటర్ల చేతి టైముకు 0.24 కలిపి లెక్క కడ్తరు. మీ బిడ్డది 13.34 అనుకోండి. మంచిదే. కానీ ఆ వయసుల ముందుగాల ఎదిగిన పిల్లలు అందర్నీ దాటుతరు, పదహారు వచ్చేసరికి మిగతోళ్లు అందుకుంటరు. ఒక్కపూట వాచీకి దొరికేది సగం ఎదుగుడే.

నా దగ్గర ఒక పిలగాడుండె. తొమ్మిదో తరగతిల ఇట్లనే తీస్కపోయిన్రు. రెండో ఏడు తొడ వెనక కండ పట్టేసింది, మానకముందే ఉరికిచ్చిన్రు, మల్ల చినిగింది. ఆ యేడే కంపెనీ బడ్జెట్ తగ్గింది. పిలగాడు బ్యాగుతోటి ఇంటికొచ్చిండు, టీసీ కోసం నాలుగు నెలలు తిరిగిండు. ఆ కంపెనీ టీషర్టు ఏసుకొనే ఏనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు మోసుడు నా కండ్లార చూసిన.

మడికొండ 400:
సార్, ఇక్కడ ఉంచితే ఏమైతది మరి? మేం నలుగురం ఒక్క జత స్పైక్స్‌తోటి జిల్లా మీట్ ఉరికినం. నాది ఏడో నంబరు కాలు, బూటు తొమ్మిది, ముంగట పాత బనీను గుడ్డ కుక్కిన. కల్లెడ దీప్తి జీవాంజి 2024ల జపాన్ల కోబె ఊర్ల 400 మీటర్లు 55.07 సెకన్లకు ఉరికి టీ20 (మేధో వైకల్యం ఉన్నోళ్ల పారా విభాగం) ప్రపంచ రికార్డు కొట్టింది, పారిస్ పారాలింపిక్స్‌ల కాంస్యం తెచ్చింది. గోపీచంద్-మైత్రా ఫౌండేషన్ సాయం లేకుంటే హైదరాబాద్‌ల ఉండి ప్రాక్టీస్ చేసేదా? గ్యాస్ కంపెనీ గెయిల్ ఎంపిక చేసిన పిల్లలు జమైకాల ఉసేన్ బోల్ట్ క్లబ్ దాకా పోయొచ్చిన్రు. మన ఖర్చుతోటి మనం మేడారం పోయొస్తం, అంతే.

రిటైర్డ్ పీఈటీ:
తమ్మీ, పైసలు వద్దన్ననా? దీప్తిని మొదలు చూసింది బడిల పీఈటీ సార్. తర్వాత కోచ్ నాగపురి రమేశ్ సార్ చేతుల వడ్డది. పైసలు ఆ వెనక వచ్చినయి. ఇక్కడ మాత్రం వాచీ, దాని వెనకనే సంతకం. పరుగుల అనిమేష్ కుజూర్‌ను చూడు, 2025ల వంద మీటర్లు 10.18 సెకన్లకు ఉరికిండు. సైనిక్ స్కూల్ల ఫుట్‌బాల్ ఆడుకున్న పిలగాడే. పదమూడుకే పట్టుకపోకుంటే కొంప మునగదు.

మడికొండ 400:
ఆ 10.18 భువనేశ్వర్ల రిలయన్స్ సెంటర్ల తయారైందే కద సార్. ట్రాక్ అంటరా, మనకూ ఉన్నది, 2021ల నేషనల్ ఓపెన్ ఈడనే అయింది. రోజూ కండ పట్టి చూసే ఫిజియో యాడున్నడు?

రిటైర్డ్ పీఈటీ:
అది ఒప్పుకుంట.

నర్సంపేట అక్క:
కోచ్‌ల ముచ్చట సరే. ఆడపిల్ల అన్నా. హాస్టల్ల ఆడ వార్డెన్ ఉన్నదా? నెలసరి రోజుల ప్రాక్టీస్ ఏంది? ఫోన్ ఎన్నిరోజులకు ఒకసారి ఇస్తరు? మా చెల్లెబిడ్డ హాస్టల్ల పదిహేను రోజులకోసారి ఇస్తుండె, పిల్ల మోకాలు వాసిన సంగతి మాకు పండుగకు వచ్చినంకనే తెల్సింది. వదినె వద్దన్నదంటే ఊకెనే అనలేదు. మీరు పోయి హాస్టల్ చూడకుండ సంతకం పెట్టకుండ్రి.

కాజీపేట నాయిన:
నిన్న ఫోన్ చేసిన. వార్డెన్ ఆడామెనే అన్నరు. బడి సీబీఎస్ఈ అట, మా బిడ్డది తెలుగు మీడియం, అదొక తలనొప్పి. దెబ్బ తాకితే ఎట్లంటే, "మా డాక్టర్ ఉరకలేదంటే అగ్రిమెంట్ ఖతం" అన్నరు. మందుల ఖర్చు అడిగితే అటుపక్క సప్పుడు లేదు. ఒక్క యేడాదికే రాయండి, దెబ్బకు మందులు మీవే, నడుమల పంపితే టీసీ వారంల ఇయ్యాలె అన్న. పైనోళ్లను అడిగి చెప్తమన్నరు. ఎల్లుండి నేను, ఇంట్ల ఆమె కలిసి హాస్టల్ చూసొస్తం.