వితౌట్ తర్వాత నోబడీనా, ఎనీబడీనా?

ప్రశ్న: ఆఫీసు మెయిల్‌లో ‘వితౌట్ నోబడీస్ అప్రూవల్’ అని రాస్తే తప్పంటున్నారు. ‘ఎవరి అనుమతీ లేకుండా’ అనే అర్థమే కదా? ఇంకోటి, ‘టు’ తర్వాత ఎప్పుడూ హూమెవరే రావాలా?

జవాబు: ‘లేకుండా’ అన్న అర్థం వితౌట్‌లోనే ఉంది. నోబడీ కూడా పెడితే లేదన్న మాట రెండుసార్లు వస్తుంది. తెలుగులో చూడండి, ‘ఎవరి’ అన్న మాటలో లేదన్న అర్థమే లేదు, అదంతా ‘లేకుండా’ మోస్తోంది. అందుకే దానికి సరిజోడు ఎనీబడీ: ‘వితౌట్ ఎనీబడీస్ అప్రూవల్’.

జవాబు: రెండోదాంట్లో బాగా చదువుకున్నవాళ్లు కూడా పొరబడతారు. ‘గివ్ ఇట్ టు హూమెవర్ కమ్స్ ఫస్ట్’ తప్పు. టు పట్టుకునేది ఆ ఒక్క మాటను కాదు, దాని వెనకున్న ఉపవాక్యం మొత్తాన్ని. అందులో ‘కమ్స్’కి కర్త కావాలి, కాబట్టి హూఎవర్. టు వరకూ వేలితో మూసేసి, మిగిలిన ముక్కలో హీ, హిమ్ మార్చి మార్చి పెట్టండి. ‘హీ కమ్స్ ఫస్ట్’ కుదిరింది, హూఎవర్. ‘టు హూమెవర్ యు చూజ్’లో ‘యు చూజ్ హిమ్’ కుదురుతుంది, అక్కడ హూమెవర్ సరైనదే.

జవాబు: ‘ఆఫ్’ ముందు కూడా జాగ్రత్త. ‘ఎవ్రీ వన్ ఆఫ్ ద ఫైల్స్’ అని విడదీసి రాయాలి. ‘ఎవ్రీవన్’ అని కలిపి రాస్తే మనుషులకే వాడాలి. ‘నో వన్ ఆఫ్ దెమ్’ బదులు ‘నన్ ఆఫ్ దెమ్’. ‘ఈచ్ ఆఫ్ ద ఫైల్స్’లో పక్కనున్న ఫైల్స్‌ని చూసి ఆర్ వేయకండి, కర్త ఈచ్, ఈజ్ రావాలి.