రిఫరీకి నిబంధనలు ఎంత లోతుగా తెలియాలి?

మల్కాజిగిరి విజిల్:
అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఆదివారాలు పిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు రిఫరీగా వెళ్తున్నాను. పోయిన వారం సికింద్రాబాద్‌లో పద్నాలుగేళ్లలోపు పిల్లల మ్యాచ్. ఆఖరి నిమిషాలు, స్కోరు 0-0. ఒక డిఫెండర్ త్రో-ఇన్‌ను (పక్క గీత దాటిన బంతిని చేతులతో తిరిగి లోపలికి విసరడం) వెనక్కి, తన గోల్‌కీపర్‌ వైపే విసిరాడు. కీపర్ కాలు చాచాడు కానీ అందలేదు. బంతి అతని బూటు పక్కగా దొర్లుకుంటూ గోల్‌లోకి వెళ్లింది. ఎవరికీ తగలలేదని నా కళ్లతో చూశాను. అయినా గోల్ ఇచ్చాను.

రాత్రి అన్నం తిన్నాక ఫుట్‌బాల్ నిబంధనల పుస్తకం తీశాను. 15వ నిబంధనలో స్పష్టంగా ఉంది: త్రో-ఇన్ నుంచి నేరుగా గోల్ రాదు. విసిరిన జట్టు గోల్‌లోకే పోతే ఎదుటి జట్టుకు కార్నర్ కిక్. ఆ కీపర్ గ్లవ్స్ కూడా విప్పకుండా గోల్ స్తంభానికి తల ఆనించి ఏడ్చాడు. అది నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. ఆఫ్‌సైడ్, ఫౌల్, కార్డులు నాకు బాగానే వచ్చు. ఇలా అరుదుగా వచ్చేవి కూడా కంఠతా రావాలా? పరుగు, చూపు ఉంటే చాలని కొందరు అంటున్నారు.

పాత రిఫరీ:
తమ్ముడూ, రావాలి. కన్ను పొరబడడం వేరు, నిబంధన తెలియకపోవడం వేరు. ఫౌల్ చూడలేకపోతే ఆటగాళ్లు కాసేపు అరిచి మరిచిపోతారు. నిబంధన తప్పితే మ్యాచే నిలవకపోవచ్చు. 2005 సెప్టెంబరులో ఉజ్బెకిస్తాన్, బహ్రెయిన్ ప్రపంచకప్ అర్హత మ్యాచ్‌లో అదే జరిగింది. ఉజ్బెకిస్తాన్ పెనాల్టీని గోల్ చేసింది, కానీ కిక్‌కు ముందే వాళ్ల ఆటగాడు పెనాల్టీ ఏరియాలోకి దూరాడు. అప్పటి నిబంధన ప్రకారం కిక్ మళ్లీ కొట్టించాలి. రిఫరీ బహ్రెయిన్‌కు ఇండైరెక్ట్ ఫ్రీ కిక్ (నేరుగా గోల్ కొట్టకూడని ఫ్రీ కిక్) ఇచ్చాడు. ఉజ్బెకిస్తాన్ 1-0తో గెలిచినా ఫిఫా ఆ ఫలితాన్ని రద్దు చేసి మళ్లీ ఆడించింది. ఈసారి ఉజ్బెకిస్తాన్‌లో 1-1, తర్వాత బహ్రెయిన్‌లో 0-0. బయటి మైదానంలో కొట్టిన గోల్ లెక్కన బహ్రెయిన్ ముందుకు వెళ్లింది. గెలిచిన జట్టు రిఫరీ తప్పుకు మూల్యం చెల్లించింది.

మొత్తం పదిహేడు నిబంధనలే. నేను విజిల్ వేసిన ప్రతిసారీ నన్ను నేను అడిగేది ఒక్కటే: ఆట మళ్లీ ఎలా మొదలవ్వాలి? దానికి జవాబు రాకపోతే ఆగు. ఆ రోజు కిక్-ఆఫ్ జరిగేలోపు నీ నిర్ణయాన్ని మార్చుకునే హక్కు నీకు ఉంది. ఆట మొదలయ్యాక మాత్రం లేదు. ఏటా మార్పులు కూడా వస్తాయి. 2025 నుంచి కీపర్ ఎనిమిది సెకన్లకు మించి బంతిని చేతుల్లో ఉంచుకుంటే ఎదుటి జట్టుకు కార్నర్. పాత పుస్తకంతో మైదానంలోకి దిగకు.

భారత ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌గా ఉన్న మన హైదరాబాద్ రహీమ్ సాబ్ కుమారుడు ఎస్.ఎస్. హకీమ్ 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నవారు. ఆయనే తర్వాత ఫిఫా రిఫరీ అయ్యారు. ఈ ఊళ్లో విజిల్ పట్టేవాళ్లు అది గుర్తుంచుకోవాలి.

గచ్చిబౌలి కోచ్:
అన్నగారితో ఏకీభవిస్తాను, కానీ చదువు ఒక్కటే కాపాడదు. 2006 ప్రపంచకప్‌లో క్రొయేషియా, ఆస్ట్రేలియా మ్యాచ్‌కు రిఫరీ అయిన గ్రాహం పోల్ క్రొయేషియా ఆటగాడు షిమునిచ్‌కు మూడు పసుపు కార్డులు చూపించాడు. రెండు కార్డులైతే బయటకు పంపాలని ఆయనకు తెలియదా? ఒక కార్డును ఆస్ట్రేలియా 3వ నంబరు పేరిట రాసుకున్నాడు. కాబట్టి తమ్ముడూ, కార్డు తీసిన వెంటనే జట్టు, నంబరు రాసుకుని ఒకసారి చూసుకోండి. పిల్లల మ్యాచ్‌లలో లైన్ల దగ్గర సహాయకులు ఉండరు, ఆ నోటుపుస్తకమే మీకు తోడు.

మల్కాజిగిరి విజిల్:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం ఆ జట్టు ప్రాక్టీసుకు వెళ్లి, అది గోల్ కాదని, తప్పు నాదేనని పిల్లలందరి ముందు చెప్పాను. కీపర్ కాసేపు ఆలోచించి, "అయితే సార్, నా కాలికి తగిలి ఉంటే?" అని అడిగాడు. అప్పుడు గోలే అన్నాను. "చేత్తో పట్టుకుంటే?" సొంత జట్టు త్రో-ఇన్‌ను చేత్తో పట్టుకోకూడదు, ఎదుటివాళ్లకు ఇండైరెక్ట్ ఫ్రీ కిక్ అని చెప్పాను. ఈసారి పుస్తకం చూడకుండానే చెప్పాను.